చెరకు బండ్ల వరసలో అమ్మమ్మ

మా అమ్మకు వాళ్ళమ్మ ముఖం తెలియదు. అమ్మ పాలు తాగే వయసులోనే ఆమె పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. బీడీలు చుడుతూ చుడుతూ అమ్మ అప్పుడప్పుడు చేతులాపి, "మా అమ్మ ఎట్లుంటుండెనో" అనేది. ఎవరినో అడిగినట్టు కాదు, ఊరికే. అవతలి గదిలో మంచం మీద కూర్చున్న తాత ఆ మాట విని కూడా పలికేవాడు కాదు. అమ్మమ్మను ఎరిగిన తోటివాళ్ళందరూ పోగా మిగిలింది ఆయనొక్కడే.

నేను నిజామాబాద్‌లో ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్ పని చేస్తాను. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకులకు స్వాగతాలు, పోయినవాళ్ళకు శ్రద్ధాంజలి. పొద్దంతా మనుషుల ముఖాలు కత్తిరించి అతికించడమే. బొమ్మలు వేయడం చిన్నప్పటి నుంచి అలవాటే కానీ, బొమ్మలతో కథ చెప్పవచ్చని మాత్రం ముప్పై దాటాకే తెలిసింది. ఫోన్‌లో వీడియోలు చూస్తూ మొదలుపెట్టాను. తర్వాత ఆదివారాలు ఫోన్‌లోనే జరిగే ఒక క్లాసులో చేరాను. నేర్పే మేడమ్ హైదరాబాద్‌లో ఉండేది. నా మొదటి పేజీ చూసి నవ్వేసింది.

"మీ మనుషులందరూ కెమెరానే చూస్తున్నారండీ. ఒకరినొకరు చూసుకోవడం లేదు."

నిజమే. ఫ్లెక్సీల మీద అందరూ ఎదురుగా నిలబడి చేతులు జోడిస్తారు. నా చెయ్యి దానికే అలవాటు పడింది. పైగా ప్రతి గడిలోనూ మాటల బుడగలు కిక్కిరిసి ఉండేవి. బొమ్మలో కోపం కనిపిస్తున్నా, పక్కన "నాకు కోపం వచ్చింది" అని రాసేదాన్ని. బుడగల మీద వేలు పెట్టి మూసి చూడమంది మేడమ్. మూసి చూస్తే నా పేజీలో ఏమీ జరగడం లేదు.

ఇంట్లో జరిగిన కథ ఏదైనా తీసుకోండి అన్నది. నేను తాత దగ్గరికి పోయాను.

మొదట వద్దన్నాడు. నేను కాగితాలు పట్టుకుని మంచం దగ్గరే కూర్చుంటే చివరికి చెప్పాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు మోస్రా ఊరి నుంచి చెరకు బండి కట్టుకుని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయేవాడట. గానుగ కాలంలో ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా బండ్లు వరస కట్టేవి. వంతు రావడానికి రాత్రీ పగలూ ఆగాల్సిందే. చలికి ఎండిన చెరకాకు మంట వేసుకుని బండి కిందే పడుకునేవాళ్ళు. ఒకసారి గేటు దగ్గరపడ్డాక ఆయన ఎద్దొకటి కూలబడిపోయింది. వెనక బండ్లవాళ్ళు పక్కనుంచి దాటిపోతామన్నారు. దాటిపోతే వంతు పోయినట్టే. అప్పుడే అమ్మమ్మ అన్నం మూట పట్టుకుని, పసిపిల్లను చంకనేసుకుని అక్కడికి వచ్చింది. ఆ పసిపిల్లే మా అమ్మ.

"ఏం జేసిందనుకున్నవ్? మూట నా సేతిల వెట్టి, పోయి బండ్లకు అడ్డం నిలవడ్డది," అన్నాడు తాత. "గింతంత మనిషి. సంకల పోరి. ఎద్దు లేసేదాంక ఒక్క బండిని కదలనియ్యలే."

"మరి నువ్వేమన్నవ్ తాతా?"

"మొగోళ్ళ నడుమ గట్ల నిలవడ్తవా అని కోపానికచ్చిన. నవ్వింది. నన్ను సూసి నవ్వింది, అంతే."

ఆ ఎండాకాలమే ఆమెకు జ్వరం వచ్చింది, మళ్ళీ లేవలేదు. అది ఆయన చెప్పలేదు. గడప దగ్గర కూర్చుని వింటున్న అమ్మ చెప్పింది. వాళ్ళ నాయిన నోట ఆ నవ్వు మాట వినడం అమ్మకు కూడా అదే మొదలు. ఒళ్ళో చాటలో బీడీ ఆకు అట్లాగే ఉండిపోయింది.

ఇక ఆ కథ నన్ను పట్టుకుంది. ఎడ్లు కుదిరాయి. పొగమంచులో బండ్ల వరస కుదిరింది. ఎద్దు కూలబడటాన్ని మాటలు లేకుండా గీశాను. ముందు గడిలో మోకాలు వంగడం, తర్వాత గడిలో కాడి పక్కకు ఒరగడం. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్ళే ఊహించుకోవాలి. మేడమ్ మెచ్చుకుంది. కానీ అమ్మమ్మ ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఎండలు ముదురుతుండగా మొదలుపెట్టి, గీసినప్పుడల్లా తాతకు చూపించేదాన్ని. కాగితాన్ని కిటికీ వెలుగులోకి వంచి చూసేవాడు.

"గట్ల కాదు బిడ్డ. ముక్కు గంత సూదిగ లేకుండె."

"నొసలు ఇంకింత సిన్నగ."

"ఇది మంచిగనే ఉన్నది గని, ఆమె కాదు."

నేను ఒకే కాగితం మీద చెరిపి మళ్ళీ గీసేదాన్ని. చంకలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డ తీరు బాగా వచ్చింది కనుక, ఆ మనిషిని అట్లాగే ఉంచి ముఖం మాత్రం మార్చుకుంటూ పోయాను.

శ్రావణంలో ఒక ముఖం గీశాను. తల కొంచెం వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి నవ్వుతున్న మనిషి. ఎక్కువ ఆలోచించకుండా గీసిన బొమ్మ. తాత చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా కాగితం నా చేతిలో పెట్టి, లేచి పెరట్లోకి పోయాడు. ఇది అసలు నచ్చనట్టుంది అనుకున్నాను. మరునాడు చెరిపేశాను.

దసరా తర్వాత నా బొమ్మలకు ఉన్నట్టుండి మంచి రోజులు వచ్చాయి. ఏది చూపించినా తాత తలూపేవాడు. దీపావళి పోయాక గంభీరంగా, సూటిగా చూస్తున్న ముఖం ఒకటి గీసి తెచ్చాను. చెయ్యి ముందుకు చాచి బండ్లను ఆపుతున్న అమ్మమ్మ.

"గిట్లనే ఉంటుండె," అన్నాడు తాత. "సక్కగ గీసినవ్."

అమ్మ బీడీల చాట పక్కకు నెట్టి వచ్చి, ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నా తీరు లేదు గద," అని ఒక్కటే మాట అంది. నేను ఆ రోజే ఇంకు వేశాను. పెన్సిల్ గీతలన్నీ తుడిచేశాను.

చలికాలంలో ఒకరోజు తాత మంచం దిగి వస్తూ అమ్మ చాటలో కాలు వేశాడు. ఆకు, తంబాకు, చుట్టిన బీడీలు ఇల్లంతా చెల్లాచెదురయ్యాయి. పట్టపగలు, గుమ్మం నిండా వెలుగు. అమ్మ తిట్టబోయి ఆగిపోయింది.

"బాపూ, కండ్లు కనవడ్తలేవా?"

ఆయన గోడ పట్టుకుని నిలబడి తల దించుకున్నాడు.

షుగర్ కంటి లోపలికి పాకిందని డాక్టర్ చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగితే తాత, "బతుకమ్మ పండుగకెల్లి మసక మసక. దసర దాటినంక మనుషుల మొకాలే తెలుస్తలేవు," అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

ఆటోలో తిరిగి వస్తుంటే అడిగాను. "మరి మంచిగున్నదని ఎందుకన్నవ్ తాతా?"

"నువ్వు గంత కష్టపడి తెచ్చి సూపెడ్తుంటివి. కనవడ్తలేదంటె బొమ్మలు ఆపేస్తవ్ గద."

ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయాను. "చూపున్నప్పుడు చూసినవాట్ల ఏదన్న ఆమె తీరున్నదా?"

"ఒకటుండె," అన్నాడు. "వానలప్పుడు గీసినవ్. నవ్వేది. అది ఆమెనే బిడ్డ."

"అప్పుడే చెప్పొద్దా?"

"నోట్లకెల్లి మాట రాలే. జరంత ఆగి సెప్దామనుకున్న. మల్ల నువ్వు ఇంకోటి గీస్కొచ్చినవ్. అది నీకే నచ్చలేదేమో అనుకున్న."

బొమ్మ మాట్లాడాలి, మనుషులు ఊరుకోవాలి అని నెలల తరబడి నేర్చుకున్నదాన్ని. ఎదురుగా ఒక మనిషి మాట రాక ఊరుకుంటే, అదేమిటో నాకు తెలియలేదు.

ఆ తర్వాత తాత ఉన్నన్నాళ్ళు నేను ఆ కథను ఆయనకు నోటితో చెప్పేదాన్ని. గడి తర్వాత గడి. ఆయన మధ్యమధ్య ఆపేవాడు. "మంట యే పక్క వెట్టినవ్? గాలి పడమటికెల్లి గద." "నా తలకు రుమాలు గీసినవా?" కొన్నిటిని ఆయన చెప్పినట్టే మార్చాను. అమ్మమ్మ వచ్చే గడి దగ్గర ఒకసారి ముఖం ఎట్లా గీశానో వివరించబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"మొకం సెప్పకు. అది నాకెర్కనే."

వానాకాలం మొదట్లో ఆయన పోయాడు. ఆ కథను నేను నెట్‌లో పెట్టాను. బోధన్ వైపు వాళ్ళు చాలామంది చూశారు. తమ తాతల బండ్ల గురించి కింద రాశారు. ఆ తల్లి ముఖంలో ఎంత ధైర్యం ఉందో అని మెచ్చుకున్నవాళ్ళకు నేను దండం పెట్టిన గుర్తు పెట్టి ఊరుకున్నాను.

నవ్వే ముఖాన్ని మళ్ళీ గీయాలని చాలాసార్లు కూర్చున్నాను. కళ్ళు చికిలించడం గుర్తుంది, తల వెనక్కి వాల్చడం గుర్తుంది. గీస్తే ఎవరో ఒక ఆడమనిషి నవ్వుతుంది. ఆమె అవునో కాదో చెప్పేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఒకటి రెండు అమ్మకు చూపించాను. అమ్మ కాసేపు చూసి పక్కన పెట్టింది.

"ఇగ వద్దు బిడ్డ," అంది. "నాకు గా బండ్లకు అడ్డం నిలవడ్డామెనే అలవాటైంది. ఇప్పుడు ఇంకొకామెను తెస్తె నేను ఎవలను 'అమ్మా' అనాలె?"

ఆమె మళ్ళీ చాట ఒళ్ళోకి లాక్కుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. నేను కాగితాలు సర్దుకుని దుకాణానికి బయలుదేరాను.