మా అత్తమ్మ పెన్షన్‌ను నాందేడ్‌కు మార్పించిన వైనం

ఒక నిండు మనిషిని రెండు రాష్ట్రాల్లోనూ లేకుండా చేయడం ఎంత కష్టమో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు, నేను చేసి చూపించాను. అలా మాయం చేసింది శత్రువునైనా కాదు, నన్ను సొంత కొడుకులా చూసుకున్న మా మేనత్తను. మీరు హాయిగా నవ్వుకోండి. మా ఇంట్లో మాత్రం ఈ సంగతి తలుచుకుని నవ్వడానికి చాలా కాలం పట్టింది. మా బాపు ఇప్పటికీ నవ్వడు.

బాపు మహారాష్ట్రలోని నాందేడ్‌లో రైల్వే గ్యాంగులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన అక్క లసుమవ్వను నేను అత్తమ్మ అంటాను. నిజామాబాద్ జిల్లాలో, నవీపేటకు దగ్గరి ఊళ్లో బీడీలు చుట్టి బతికిన మనిషి. పిల్లల్లేరు. మామ పోయాక వచ్చిన వానాకాలంలో ఇంటి వెనక గోడ కూలింది. మిగతా గోడలు కూడా అదే ఆలోచనలో ఉన్నాయని తెలిసి బాపు వెళ్లి ఆమెను నాందేడ్ తీసుకొచ్చాడు.

వచ్చింది గానీ ఆమె పెన్షన్ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. నెలకోసారి రైలెక్కి, ఉమ్రి, ధర్మాబాద్ దాటి, గోదావరికి దండం పెట్టి, ఊరి పోస్టాఫీసులో వేలిముద్ర వేసి వచ్చేది. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. మిషన్ ఆమెను గుర్తుపట్టే లోపల ఊళ్లోవాళ్లందరూ గుర్తుపట్టి పలకరించి వెళ్లిపోయేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మకు పూలు, తనకు బీపీ గోలీలు, వేరే డబ్బాలో చాయ్‌పత్తి. తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను గానీ తమ్ముడి నెత్తిన లేను అని ఆమె ధీమా. ఆ ధీమాతోనే అన్నం రెండోసారి అడిగి వేయించుకునేది.

ఒకసారి అలా వస్తూ నాందేడ్ స్టేషన్లో మెట్టు తప్పి పడింది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. సరిగ్గా అప్పుడే నాలోని మేధావి నిద్రలేచాడు.

ఆ రోజుల్లో నేను బీకాం తప్పి, తప్పిన సబ్జెక్టు తప్ప ప్రపంచంలోని మిగతా విషయాలన్నిటి మీదా పట్టు సాధించి ఉన్నాను. ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపు నాకు తెలియనిది లేదు.

"అత్తమ్మా, నువ్వు గిట్ల నెల నెల తిరుగుడెందుకు? పెన్షన్‌నే ఇటు తెప్పిస్త" అన్నాను.

"పెన్షన్ రైలెక్కి అస్తదారా నర్సింగ్?"

"గ్యాస్ కనెక్షన్ మారుతలేదా? గట్లనే."

బాపు మంచం మీది నుంచి తల ఎత్తాడు. "జర ఎవరినన్న అడుగురా. అది వేరే రాష్ట్రం, ఇది వేరే రాష్ట్రం."

"దేశం ఒకటే గద బాపూ!" అన్నాను. దేశభక్తి మీద ఎవరూ ఎదురు మాట్లాడరు. బాపు మళ్లీ పడుకున్నాడు. ఆ క్షణంలో ఆయన లేచి నా రెక్క పట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ముందు ఆమె ఆధార్ కార్డులో ఊరు పేరు తీయించి నాందేడ్ చిరునామా ఎక్కించాను. తర్వాత నవీపేట వెళ్లి అక్కడి రేషన్ కార్డు నుంచి ఆమె పేరు తీసేయమన్నాను. అక్కడి గుమాస్తా కళ్లజోడు పైకి తోసి నన్ను చూశాడు. "ఎందుకు తీపిస్తున్నవ్ తమ్మీ? మంచిగ సోంచాయించుకున్నవా?"

"సోంచాయించుకునే అచ్చిన అన్నా" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆయన నిట్టూర్చి పేరు తీసేశాడు. నేను దాన్ని మా కార్డులో చేర్పించి, కొండను మోసుకొచ్చినవాడిలా ఇంట్లోకి అడుగుపెట్టాను. అత్తమ్మ నా ముఖం చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది.

ఇక మిగిలింది ఇక్కడ అర్జీ పెట్టడమే. దిక్కులేని ఆడవాళ్లకు ఇచ్చే పెన్షన్‌ను ఇక్కడ నిరాధార్ అంటారు. తహసీల్ ఆఫీసులో అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. లోపలున్న మేడమ్ కార్డు చూసి అడిగింది.

"పంధరా వర్షాంచా రహివాస్ ఆహే కా?" మహారాష్ట్రలో పదిహేనేళ్లుగా ఉంటున్న రుజువు ఉందా అని.

"ఆధార్ ఉంది గద మేడమ్" అని నాకొచ్చిన మరాఠీలో అన్నాను.

"హే తర్ గేల్యా మహిన్యాచం." ఇది పోయిన నెలది.

"మగ్ కాయ్ కరూ?" మరి నేనేం చేయాలి?

"థాంబా." ఆగండి అంది.

నేను వినయంగా పక్కకు జరిగి ఆగాను. కాసేపయ్యాక మళ్లీ వంగి, ఎంతసేపు ఆగాలి అని అడిగాను.

"పంధరా వర్షం" అంది ఆమె తల ఎత్తకుండా.

అత్తమ్మకు డెబ్బై దాటాయి. పదిహేనేళ్లు ఆగితే ఆమెకు నిరాధార్ వస్తుంది. అందుకోవడానికి ఆమె ఉండాలి, అంతే. కుర్చీలోంచి ఆమె "అయిందా బిడ్డా?" అని అడిగింది. "అయితది" అన్నాను. అది నా జీవితంలో అతి పొడుగైన భవిష్యత్ కాలం.

అక్కడితో ఆగినా బాగుండేది. మరుసటి నెల కుంటుకుంటూ ఊరికి పోయిన అత్తమ్మ పొద్దుగూకే వేళకు ఖాళీ చేతులతో వచ్చింది. గడప దగ్గరే కూర్చుని అంది: "నర్సింగ్, పోస్టాయన నా పేరు రాలేదన్నడు. నువ్వు మహారాష్ట్ర మనిషివైనవ్ అవ్వా అన్నడు. మంచిదే అయిందా బిడ్డా?"

వాళ్లకు ఆమె వెళ్లిపోయిన మనిషి. వీళ్లకు ఇంకా రాని మనిషి. నడుమ మా ఇంటి గడప మీద కూర్చున్నది ఎవరో ఏ సర్కారుకూ తెలియదు.

ఆ తర్వాత అత్తమ్మ రెండోసారి అన్నం అడగడం మానేసింది. అమ్మ లేవకముందే గిన్నెలు తోమేసేది. ఒకరోజు అమ్మ నన్ను పక్కకు పిలిచి, "మీ అత్త గోలీలు సగం సగం ఇరిచి మింగుతున్నదిరా" అంది. బాపు కొత్త గోలీలు తెచ్చి పెట్టాడు. ఆమె వాటినీ విరిచింది. బుద్ధిమంతుడైతే అప్పుడు అందరి కాళ్లూ పట్టుకునేవాడు. నేను ఇంకో ఉపాయం పట్టుకున్నాను.

చాయ్ దుకాణంలో ఎవరో చెప్పారు: అర్జీ పెడితే తలాఠీ, అంటే గ్రామాధికారి, ఇంటికి వచ్చి విచారణ చేస్తాడు, చాలా ఏళ్లుగా ఇక్కడే ఉన్నట్టు ఆయన రాస్తే దారి దొరుకుతుంది. అర్జీ పెట్టేశాను. అత్తమ్మకు మరాఠీ పాఠాలు మొదలుపెట్టాను.

"మీ వీస్ వర్షాంపాసూన్ ఇథంచ్ రాహతే. ఇరవై ఏండ్ల సంది ఈడనే ఉంటున్న అని. అను."

"మీ వీస్ వర్షా సాబూన్..."

"సాబూన్ కాదు అత్తమ్మా! పాసూన్!"

"ఇరవై ఏండ్ల సబ్బు ఏడిదిరా అని నేను గదే సోంచాయిస్తున్న."

"నవ్వకు. పెన్షన్ కావాల్నా వద్దా?"

"కావాలె గని బిడ్డా, ఇరవై ఏండ్లంటే మీ మామ ఉన్నప్పటి దినాలు గూడ పోతయి గద. గాయనతోటి నేను లేనట్టేనా?"

నేను ఫోన్లోని మరాఠీ వాక్యం వైపు చూశాను. మళ్లీ అనమన్నాను. పాపం, మళ్లీ అంది.

విచారణ రోజు ఇంట్లో తెలుగు నిషేధించాను. అమ్మ కాందా పోహే, అంటే ఉల్లిపాయ అటుకులు, చేసింది. బాపు నోరు మూసుకుని ఉంటానని, అదే తనకు వచ్చిన మరాఠీ అని అన్నాడు. అత్తమ్మకు ఓ మరాఠీ పక్కింటావిడ చేత చీర కట్టించాను. ఆమె అద్దంలో చూసుకుని, ఎదుటామెకు చోటిస్తున్నట్టు కొద్దిగా పక్కకు జరిగింది.

తలాఠీ వచ్చాడు. నడి వయసు మనిషి, నెమ్మదస్తుడు. మరాఠీలో అడిగాడు. అత్తమ్మ సబ్బు ఊసు లేకుండా గడగడా అప్పజెప్పింది. ఆయన రాసుకున్నాడు. నేను ఉప్పొంగిపోయాను. పూరీ కూడా అంత పొంగదు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది.

"ఆ అమ్మా, తిన్న. నువ్వు తిన్నవా? గోలీ ఏసుకున్నవా?"

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "అయ్యో బిడ్డా! నువ్వు మనోనివా!"

తలాఠీ ఫోన్ పెట్టేసి నవ్వాడు. "మాది మర్ఖేల్ అవ్వా, గీ నాందేడ్ జిల్లానే. ఇంట్ల తెలుగే. మీదే ఊరు?"

నేను దగ్గాను. ఇంకోసారి దగ్గాను. క్షయరోగి కూడా అలా దగ్గడు. అత్తమ్మ వినలేదు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మాది నవీపేట దిక్కు బిడ్డా. మీ మామ పోయిండు, గోడ కూలింది. ఈడికచ్చి రెండేండ్లు గూడ కాలే. ఈ పోరడు ఇరవై ఏండ్లని చెప్పుమన్నడు గని, తల్లికి గోలీలు యాది చేసేటోనికి అబద్ధం ఎట్ల చెప్తనయ్యా?"

పోహే పళ్లెం పట్టుకున్న అమ్మ అక్కడే నిలబడిపోయింది. తలాఠీ మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు. పెన్ను మూత పెట్టాడు.

"నేను రాయలేను తమ్మీ. అవ్వనే నోటితోటి చెప్పింది."

"సార్, మీరు మనోళ్లే గద" అన్నాను.

"మనోన్నే. అందుకే నీ మీద ఏం రాస్తలేను. అవ్వను ఊరికి తోల్కపో. ఆడ మల్ల పేరెక్కియ్యి. గని ఆడ ఉంటెనే ఎక్కుతది, మల్ల చెప్తున్న."

ఆ సాయంత్రం అత్తమ్మే తన చీరలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"నేను పెట్టలేనా అక్కా నీకు?" అన్నాడు బాపు.

"పెడ్తవురా. నువ్వున్నన్ని దినాలు పెడ్తవు. తర్వాత నేను ఎవరి మొఖం చూడాలె?"

బాపు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఊళ్లో తనతో బీడీలు చుట్టిన ఒకామె ఇంట్లో చిన్న గది కిరాయికి దొరికింది. నాందేడ్‌కు ఆమెను ఎలా తెచ్చానో అలాగే, ఒక్కో కార్డులోంచి ఒక్కోసారి, వెనక్కి మోసుకెళ్లాను. ఇక పంచాయతీ కార్యదర్శి వచ్చి ఆమె నిజంగా అక్కడే ఉంటోందా అని చూసి రాయాలి. ఆ రోజు నువ్వు రావద్దురా అని అత్తమ్మ ఫోన్లో మరీ మరీ చెప్పింది. సాయం చేయకుండా ఉండగలనా? పొద్దున బండికే వెళ్లాను.

కార్యదర్శి కుర్రవాడు. గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఈడనే ఉంటున్నవా అవ్వా?"

"ఈడనే ఉంటున్న సారూ."

"నాందేడ్ పోయినవంట గద?"

దీనికి నా దగ్గర బ్రహ్మాండమైన వివరణ ఉంది. రైల్లో అంతసేపూ తయారు చేసుకున్నాను. గొంతు సవరించుకుని నోరు తెరిచాను. అత్తమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చుట్టపుచూపుగ పోయచ్చిన సారూ. గీడు నా తమ్ముని కొడుకు. పాపం, మూగోడు."

నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాను.

కార్యదర్శి నా వైపు జాలిగా చూశాడు. "అయ్యో. పుట్టుకతోనేనా?"

"కాదు సారూ. మంచిగనే మాట్లాడుతుండె. సదువుకున్నంక నోరు పడిపోయింది."

తలాఠీ దగ్గర ఒక్క అబద్ధం నిలబెట్టలేని మనిషి కంటి రెప్ప కదపకుండా అంది. కార్యదర్శి రాసుకున్నాడు. పోబోయి మళ్లీ ఆగి, నన్ను ఎగాదిగా చూసి అడిగాడు. "పిలగాడు ఏడుంటడు అవ్వా? ఈ ఊళ్లనే ఉంటే చెప్పు, వికలాంగుల పెన్షన్‌కు రాస్త."

అత్తమ్మ నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది. అంత గట్టి పట్టు అవసరం లేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను నోరు మూసుకున్నాను.

ఆమె పేరు మళ్లీ ఎక్కింది. ఆమె మాత్రం మళ్లీ నాందేడ్ రాలేదు. నాలుగు రోజులు ఉండి పోరాదా అని బాపు అడిగిన ప్రతిసారీ ఒకే మాట: "ఆ నాలుగు దినాలల్లనే ఎవరన్న అచ్చి చూస్తే?" ఆ గదిలో ఒక్కతే వండుకుంటుంది, ఒక్కతే తింటుంది. మోకాలు ఇంకా నొప్పే. గోలీ మాత్రం నిండుగా మింగుతానని చెబుతుంది. నమ్ముతున్నాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా ఇదే నా శపథం. ఇకపై ఏ మనిషి సుఖం కోసమూ ఏ కార్డులోని ఏ చిరునామానూ కదిలించను. సర్కారు వాళ్లు ఎవరైనా గుమ్మంలోకి వస్తే, అది తెలంగాణ అయినా మహారాష్ట్ర అయినా, నేను మూగవాణ్ణి. నమ్మకం లేకపోతే నవీపేట దిక్కు వెళ్లి విచారించండి, అక్కడ రాసిపెట్టి ఉంది.