పాస్‌వర్డుల నోటుపుస్తకం

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫోనులో పాస్‌వర్డు కొడుతూ, పక్కనే నేనున్నానని చేత్తో తెర మూసుకుంది. నేను వెంటనే ముఖం గోడవైపు తిప్పుకున్నాను. ఆ అలవాటు నాకెలా వచ్చిందో దానికెన్నడూ చెప్పలేదు.

రెండువేల దశకం మధ్యలో, డిప్లొమా ముగించి కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర మూడు కంప్యూటర్లతో ఇంటర్‌నెట్ సెంటరు పెట్టుకున్నాను. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన మెయిలు తెరిచేదీ, పాస్‌వర్డు పెట్టేదీ, దాన్ని గుర్తుంచుకునేదీ సెంటరువాడే. నేను నోటుపుస్తకంలో గళ్ళు గీసి, వరుస సంఖ్య, పేరు, ఊరు, మెయిలు, పాస్‌వర్డు అని నలభై ఒక్కమందివి పొందికగా రాసుకున్నాను. కుందుర్పి బస్సు వచ్చేసరికి ఆ ఊరివాళ్ళ ఉత్తరాలు అచ్చు తీసి ఉంచేవాణ్ణి. ఆ పుస్తకమంటే నాకెంత గర్వమో!

ఒక ఉదయం అందరి మెయిళ్ళలోనూ ఒకే ఉత్తరం: రెండు రోజుల్లో ఖాతా మూసేస్తాం, మూయవద్దనుకుంటే పేరూ పాస్‌వర్డూ రాసి పంపండి. పైన మెయిలు కంపెనీ బొమ్మ ఉండనే ఉంది. ఎవరికీ నష్టం రాకూడదని, టీ కూడా తాగకుండా, ఒక్కొక్కరి తరఫునా జవాబు పంపి, పేరు పక్కన టిక్కు పెట్టాను. నలభై ఒక్క టిక్కులు.

మరునాడు మొదటి పాస్‌వర్డు తప్పంది. రెండోదీ తప్పంది. ఏడోదాకా అన్నీ తప్పే. పన్నెండో వరుస మా చిన్నాన్న కూతురిది, నాకు అక్క. నర్సు చదువు ముగించి, బెంగళూరు ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూ పిలుపు ఆ మెయిలుకే రావాలని రోజూ వచ్చి అడిగిపోయేది. అదీ తెరుచుకోలేదు.

అచ్చు తీసి ఫైలులో పెట్టుకున్న ఆ ఉత్తరం ప్రతిని అప్పుడు చదివాను, ముందే చదవవలసిన తీరులో. కంపెనీ పేరు వెనక చిరునామా ఇంకెవరిదో. ప్రియమైన ఖాతాదారు అనే తప్ప మాలో ఒక్కరి పేరూ లేదు. పైగా ఆ తొందర! అన్నిటికీ మించి, నిజమైన కంపెనీకి మన పాస్‌వర్డు అడగవలసిన పనేముంది?

నాయన విని, "ఏమప్పా, ఇంత సదివినావు. ఇంటి తాళంచెవి పంపమని ఎవడో కాగితం రాస్తే పంపిస్తావా? అదీ ఊరందరిదీ!" అన్నాడు.

మిగతా ఖాతాలవాళ్ళు, "పోతే పోనీలే అన్నా, ఇంకోటి తెరువు" అని నవ్వేశారు. అక్కకు మాత్రం చెప్పలేకపోయాను. కంపెనీకి రాస్తున్నాను కదా, ఖాతా తిరిగొస్తుందనే ఆశతో, ఆమె "ఏమిరా, వచ్చిందా?" అన్నప్పుడల్లా "ఇంకా రాలేదక్కా" అంటూ నాలుగు రోజులు గడిపాను. అయిదోరోజు చెప్పేశాను. ఆమె ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి ఆసుపత్రికి ఫోను చేసింది. పిలుపు మెయిల్లో పంపామనీ, ఇంటర్వ్యూలు నిన్ననే అయిపోయాయనీ చెప్పారట.

"చెప్పింటే ఆ పొద్దే ఫోన్ చేసుకుంటాంటి గదరా" అంది, అంతే. మోసగాడి మెయిలు కంటే నా మౌనమే ఆమెకు ఎక్కువ నష్టం చేసిందని అప్పుడు తెలిసింది.

వారం తర్వాత కొత్త మెయిలు తెరవడానికి వచ్చింది. పాస్‌వర్డు గడి రాగానే, "రేయ్, ఆ గోడ పక్కకు తిరుక్కో" అంది. తిరిగాను. అనంతపురంలో ఉద్యోగం దొరికేసరికి ఆమెకు మరో ఏడాది పట్టింది.

ఎవరి పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉండాలని మా అమ్మాయికి నేర్పింది నేనే. అదే సరైనది కూడా. అయినా, అడగకుండానే నలభై ఒక్కమంది నమ్మిన ఆ పుస్తకం గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఇప్పటి ఫోనులో మీటలకు చప్పుడైనా లేదు. ఆ రోజు అక్క ఎనిమిదిసార్లు నొక్కిన చప్పుడు గోడవైపు తిరిగి విన్నాను. ఆ అక్షరాలేమిటో నాకిప్పటికీ తెలియదు.