హోటల్లో రెండేళ్లు

మా లాండ్రీలో అతన్ని అందరూ అల్లుడుగారు అనేవాళ్లు. ఆ పేరు తగిలించింది నేనే. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, రోగుల దుప్పట్లూ డాక్టర్ల కోట్లూ ఉతికే చోట అప్పటికి నేను ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. అందులో చివరి పదకొండేళ్లు మేస్త్రీని, అందరికీ మేస్త్రమ్మని. నా నోరు మంచిది కాదని పై అంతస్తుల దాకా పేరుంది. అది అబద్ధమేమీ కాదు.

ఒకరోజు పొద్దున్నే, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో దరఖాస్తు కాగితం గొట్టంలా చుట్టి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఆవిరి, చప్పుడు, తడి నేల. రమ్మంటే రాడు. కూర్చోమంటే కూర్చోడు.

"ఏం అల్లుడుగారూ, చెయ్యి పట్టుకుని తీసుకొస్తే గానీ లోపలికి రారా?" అన్నాను.

యంత్రాల దగ్గరున్న ఆడవాళ్లు పకాలున నవ్వారు. పాపం, అతను కూడా నవ్వాడు. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, తడిలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏం పనొచ్చు?"

"ఏం రాదండీ."

"ఇంతకుముందు ఎక్కడ చేశావు?"

"ఈ పదేళ్లూ ఎక్కడా చెయ్యలేదండీ. ఇంట్లోనే."

నాకు ఒళ్లు మండింది. "నలభై దగ్గరపడ్డాయి కదయ్యా! ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చుని ఏం చేశావు?"

"పిల్లల్ని పెంచానండీ" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు సిగ్గుపడ్డాడు. నేరం ఒప్పుకున్నవాడిలా తల వంచుకున్నాడు. సంగతంతా చెప్పమన్నాను.

పెద్ద కూతురు ఏడో నెలలోనే పుట్టిందట. అరచేతిలో పట్టేంత పిల్ల. ఎవరో ఒకరు ఇరవై నాలుగు గంటలూ పక్కనే ఉండాలన్నారట డాక్టర్లు. భార్యది టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఇతను కాగితాల దుకాణంలో కట్టలు మోసేవాడు. ఎవరి పని మానాలో లెక్క వేసుకోనక్కర్లేదు కదా. అలా ఇంట్లో ఉండిపోయాడు. పిల్ల బతికింది. తర్వాత ఇంకో పిల్ల పుట్టింది. పదేళ్లు వంటా, వార్పూ, బడీ, జడలూ అన్నీ ఇతనివే. మొన్నటి వానల్లో భార్యకు జ్వరమొచ్చింది. ఎనిమిది రోజులు. అంతే.

అప్పట్నుంచీ తిరగని చోటు లేదు. గోడౌన్లు, బస్సు డిపో, కాపలా పనులు. ఎక్కడికెళ్లినా రెండే ప్రశ్నలు: చదువెంత, అనుభవమెంత. రెండింటికీ అతని దగ్గర జవాబు లేదు.

"పోనీ, ఇంకొన్నాళ్లు చూసుకో" అన్నాను.

"బడి తెరిచేలోపు పని కాగితం చూపించాలండీ మా బావకి. చూపించలేకపోతే పిల్లల్ని వాళ్లింటికి తీసుకెళ్తానన్నాడు. చెడ్డవాడు కాదండీ. చెల్లెలి పిల్లలు పస్తులుంటే చూడలేనంటున్నాడు. నేనేమనగలను?"

బావ అంటే భార్య అన్న. అతని మాటలో తప్పు పట్టడానికి నాకూ ఏమీ దొరకలేదు.

దరఖాస్తు విప్పి చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'అనుభవం' అన్న గడి మాత్రం ఖాళీ. ఆ గడి ఖాళీగా ఉంటే కాగితం పైకి వెళ్లడమే గానీ మళ్లీ కిందికి రాదని నా నమ్మకం. నాకప్పుడు ఇద్దరు మనుషులు తక్కువ. ఒకామె పురిటికెళ్లింది, ఇంకొకామె చెప్పాపెట్టకుండా మానేసింది. జాలి ఎంతో అవసరమూ అంతే. కలం తీసుకుని నేనే రాశాను: హోటల్ లాండ్రీలో రెండేళ్లు.

"అబద్ధం కదండీ" అన్నాడు, గొంతు తగ్గించి.

"నీకు పిల్లలు కావాలా, నిజం కావాలా?"

కాగితం మళ్లీ గొట్టంలా చుట్టి పైకి పట్టుకెళ్లాడు. నాలుగు రోజుల్లో ఉద్యోగమొచ్చింది. మూడు నెలలు పనితీరు చూసి, ఆ తర్వాత ఖాయం చేస్తూ కాగితమిస్తారు. బావగారు అప్పటిదాకా ఆగుతానన్నాడు. కొత్తవాళ్లకి ముందు ఐదు రోజులు శిక్షణ ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లకి అక్కర్లేదు. ఐదు రోజులు కలిసొచ్చాయని సంబరపడి, ఆ మధ్యాహ్నమే అతన్ని బల్ల దగ్గర నిలబెట్టాను. నేర్పాల్సింది నోటితో నేనే నేర్పుతాననుకున్నాను. ఎంత పొగరు!

నేర్పాను కూడా. ఏ రంగు సంచి ఏ వార్డుదో, దేనికి ఎంత వేడి నీళ్లో, బరువు ఎంత వెయ్యాలో అన్నీ చెప్పాను. కొన్ని అతనే నాకు చెప్పాడు. నెత్తురు మరక మీద వేడినీళ్లు పడితే ఇక వదలదని, మోకాళ్లు కొట్టుకుని వచ్చే పిల్లల బట్టలు ఉతికి ఉతికి తెలుసుకున్నాడట. దుప్పటి ఎండకు ఎత్తి పట్టుకుని, ఇది ఇంకో రెండు ఉతుకుల్లో ఈ పక్కన చిరుగుతుందండీ అనేవాడు. సరిగ్గా అక్కడే చిరిగేది. నవ్విన ఆడవాళ్లే వారం తిరక్కుండా అతని పక్కన బల్ల కోసం పోట్లాడుకున్నారు.

సాయంత్రం నాలుగింటికి పిల్లలిద్దరూ బడి నుంచి మా వెనక గేటు దగ్గరికొచ్చేవాళ్లు. పెద్దదానికి పదేళ్లు, చిన్నదానికి ఐదు. మధ్యాహ్నం డబ్బాలో సగం మిగిల్చి, ఆ పావుగంట విరామంలో ఇద్దరికీ తినిపించేవాడు. "ఇది ఆసుపత్రా, మీ ఇంటి వసారానా?" అని కసిరాను. మర్నాడు నేనే ఆ బెంచీని నీడలోకి జరిపించాను. ఎవరూ చూడలేదు కదా అనుకున్నాను గానీ అందరూ చూశారు, వారం రోజులు నన్ను ఏడిపించారు.

రెండో నెల చివర్లో ఒక బుధవారం. పిల్లలొచ్చారు. అతను డబ్బా తెచ్చి బెంచీ మీద పెట్టి, దూరంగా వెళ్లి గోడకానుకుని నిలబడ్డాడు. "పెట్టు నాన్నా" అంది చిన్నది. "నువ్వే తినమ్మా, పెద్దదానివయ్యావు" అన్నాడు. అది లేచి వెళ్లి చెయ్యి పట్టుకోబోతే, చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. చూపుడు వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైంది వేలికి?" అన్నాను.

"తలుపులో పడిందండీ."

తలుపులో పడ్డ వేలెలా ఉంటుందో నాకు తెలీదా? చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి గుడ్డ విప్పాను. వాపు లేదు. కమిలిన రంగు లేదు. కొస మీద చిన్న చుక్క. సూది పోటు అది.

మా పనిలో పసిపాపకైనా తెలిసిన నియమం ఒకటుంది. కోటు వచ్చిందంటే అంచు పట్టుకుని తలకిందులు చేసి ఇనప పళ్లెంలో దులపాలి. జేబును పైనుంచి చెక్కతో నొక్కి చూడాలి. లోపల ఏదైనా తగిలితే పటకారుతో తియ్యాలి. చెయ్యి మాత్రం పెట్టకూడదు. ఏ డాక్టరు ఏ సూది మర్చిపోయాడో, దానికి ఏ రోగి నెత్తురు అంటిందో ఎవరికి తెలుసు? శిక్షణలో మొదటిరోజు మొదటి గంటలో చెప్పేది ఇదే. నేను చెప్పలేదు. జేబులో చెయ్యిపెట్టే మనిషిని ఇరవై ఎనిమిదేళ్లుగా చూడలేదు, అందుకే నాకు తట్టలేదు.

"జేబులో చెయ్యెందుకు పెట్టావురా?" అని అరిచాను. 'రా' అని నోరు జారింది.

"ఉతికేముందు పిల్లల గౌను జేబులు చూడటం అలవాటండీ. పెన్సిలు ముక్కలుంటాయి, గులకరాళ్లుంటాయి. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది."

"ఎప్పుడు?"

"సోమవారం పొద్దున."

సూది గుచ్చుకుంటే, ఎయిడ్స్ లాంటివి అంటకుండా ఆ గంటలోనే మందు మొదలుపెట్టాలి. మరీ ఆలస్యమైతే మూడు రోజులు గడువు, ఆ తర్వాత మందు వేసినా లాభం లేదంటారు. అప్పటికే రెండు రోజులు దాటింది.

"పద పైకి."

అతను కదల్లేదు. "వద్దు మేస్త్రమ్మా. గాయాల పుస్తకంలో రాస్తారు. శిక్షణ అయిందా అని అడుగుతారు. ఆ హోటల్ సంగతి బయటికొస్తుంది. ఇంకో నెల ఆగితే కాగితం చేతికొస్తుంది. నా పిల్లలు నాకు దక్కరండీ."

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకూడదు. అతనలా అనగానే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. హోటల్ సంగతి బయటికొస్తే పోయేది నా మేస్త్రీ పని కూడా. అతనే వద్దంటున్నాడుగా, నాదేం తప్పు, అనుకున్నాను. ఒక్క నిమిషమే కావచ్చు. అయినా అనుకున్నాను. ఇప్పటికీ ఆ నిమిషం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బయట బెంచీ మీద చిన్నది అన్నం మీద పడుతున్న ఈగల్ని తోలుతోంది.

"ఇటు చూడు" అన్నాను. "ఉద్యోగం పోతే పిల్లలు వాళ్ల మామయ్య ఇంట్లో ఉంటారు. ఆదివారాలైనా చూసుకుంటావు. నువ్వే పోతే ఏ ఆదివారం చూస్తావు?"

అతను ఏడవలేదు. గుడ్డ మళ్లీ వేలికి చుట్టుకుని నా వెనకే మెట్లెక్కాడు.

సిబ్బందిని చూసే గదిలో నర్సు పుస్తకం తెరిచి, శిక్షణ అయిందా అని అడిగింది. అతను నోరు తెరిచేలోపే చెప్పేశాను. "కాలేదు. హోటలూ లేదు, రెండేళ్లూ లేవు. ఆ రాత నాది." మాత్రలు మాత్రం ఆ సాయంత్రమే మొదలయ్యాయి. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి, మూడు నెలల పరీక్షతో తేలుతుంది, పిల్లల్ని ముట్టుకుంటే ఏమీ కాదు అని నర్సు వివరంగా చెప్పింది. ఆ చివరి మాట అతను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

మర్నాడు సూపరింటెండెంటుగారు ఇద్దర్నీ పిలిచారు. అతని ఉద్యోగం రద్దు. నా మేస్త్రీ పని తీసేసి, సంచులు విప్పే బల్ల దగ్గర వేశారు. చివర్లో ఆవిడ ఆ దరఖాస్తు నా ముందుకు తోసి అడిగారు.

"అనుభవం లేదని రాస్తే మేం తీసుకోం అని నీకెవరు చెప్పారు?"

"అది... ఎవరూ చెప్పలేదండీ. మామూలుగా అంతేగా అని..."

"అనుభవం లేనివాళ్ల కోసం కాకపోతే ఆ ఐదు రోజుల శిక్షణ ఎవరి కోసం పెట్టాం? గడి ఖాళీగా పంపినా వచ్చేవాడమ్మా ఇతను."

నా బుద్ధి గడ్డి తిన్నది. పక్కనున్న మనిషి మొహం చూసే ధైర్యం లేకపోయింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. బయటికొచ్చాక, "మీరు నా మంచికే చేశారు లెండి" అన్నాడు. ఆ మాటే ఇంకా బాధగా తగిలింది.

మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. కానీ పరీక్ష తేలాలి, కొత్తవాళ్ల బ్యాచ్ మొదలవ్వాలి. ఆ ఆదివారం బావగారు భార్యతో అతనింటికి వచ్చాడు. తప్పు నాదని చెప్పుకోవడానికి నేనూ వెళ్లాను. ఆ మనిషి గట్టిగా ఒక్క మాటైనా అనలేదు. "బావా, నీ ఒంట్లో సంగతి తేలనీ, పని దొరకనీ. ఎవరి పిల్లలు వాళ్లకే. నేనేమైనా దాచుకుంటానా?" అన్నాడు.

అతను పిల్లల బట్టలు సర్దుతూ ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాడు. "అక్కయ్యా, చిన్నదానికి ఎడమ చెవి పోటొస్తుంది, తలస్నానం చేయించినరోజు దూది పెట్టాలి. పెద్దది అన్నీ తిన్నానంటుంది, తినదు, పక్కన కూర్చోవాలి. చిన్నదానికి జడ గట్టిగా వేస్తే నుదుటి మీద పొక్కులొస్తాయి..." చెబుతూనే ఉన్నాడు. ఆవిడ పాపం కాగితం తెచ్చుకుని రాసుకుంది. కాగితం నిండింది, తిరగేసింది. బావగారు లేచి కిటికీ దగ్గరికెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అయినా తీసుకెళ్లాడు. పెద్దది ఏడ్చింది. చిన్నది బస్సెక్కుతున్నానని సంతోషంగా చెయ్యి ఊపింది.

మూడు నెలల పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఆ నెల్లోనే కొత్త దరఖాస్తు రాశాడు. అనుభవం గడిలో 'లేదు' అని తనే రాసుకుని, ఇరవయ్యేళ్ల కుర్రాళ్ల మధ్య ఐదు రోజులు శిక్షణలో కూర్చున్నాడు. తర్వాత మూడు నెలలు సంచుల బల్ల దగ్గర నా పక్కనే పనిచేశాడు. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వెళ్లి, గంటసేపు పిల్లల్ని చూసొచ్చేవాడు. ఖాయమైన కాగితం చేతికొచ్చిన రోజు, "మీరూ రండి" అన్నాడు. వెళ్లాను.

బావగారిది మేడమీద ఇల్లు. గుమ్మం పక్కన వరసగా చెప్పులు, వాళ్ల పిల్లలవీ ఈ ఇద్దరివీ కలిసి. పెద్దపిల్ల మమ్మల్ని చూడగానే పరుగెత్తుకొచ్చి తండ్రి నడుం చుట్టేసింది. వదల్లేదు. చిన్నది నేలమీద బొమ్మలేసుకుంటోంది. తలెత్తి నవ్వి, "ఇవాళ కూడా గంటేనా నాన్నా?" అంది.

అతను పెద్దదాని తల నిమురుతున్నాడు. నా నోరు ఆగదు కదా. "కాదే తల్లీ, ఇవాళ నువ్వే మీ ఇంటికెళ్తున్నావు" అన్నాను.

ఆ పిల్ల వెంటనే లేవలేదు. అత్తయ్య మొహంలోకి చూసి, "వెళ్లొచ్చా?" అని అడిగింది. ఆవిడ తలూపి లోపలికెళ్లిపోయింది.

బావగారు కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చాడు. పిల్లల బట్టల సంచులు బయట పెట్టాం. పిల్లకి తొడుగుదామని అతను గుమ్మం దగ్గర కూర్చుని చెప్పుల వరస వైపు చెయ్యి చాపాడు. చిన్న సైజు జతలు మూడున్నాయి, మూడూ కొత్తవే. చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏవమ్మా నీవి?" అని అడిగాడు.