అమ్మ ఎట్లా పోయిందంటే

నా చిన్నప్పుడు, మొదటి యుద్ధం ముగిసే ఏడు, మా వైపు పల్లెల్లో పెద్ద జ్వరం వచ్చింది. మాది డోన్‌కు దగ్గర ఊరు. కోసేవాళ్లు లేక కొర్ర చేలల్లోనే రాలిపోయింది. ఆదివారం చర్చికి పోయేవాళ్లమైనా ఊరికి మేము మాలవాళ్లమే.

మా అమ్మకూ, అంగడి నడిపే శెట్టిగారి భార్యకూ ఒకేసారి జ్వరం తగిలింది. వాళ్ల బండి ముందు, మా బండి వెనక పట్నం ఆసుపత్రికి చేరాయి. అమ్మ వెంట నేనూ, మేము జేజి అని పిలిచే మా నాయనమ్మా ఉన్నాం. శెట్టెమ్మను లోపల మంచం మీద పడుకోబెట్టారు. మమ్మల్ని వరండాలో చాప పరుచుకోమన్నారు. డాక్టరుగారు లోపలివాళ్ల చేయి పట్టుకుని నాడి చూశారు. మా దగ్గరికొచ్చేసరికి మెట్టు మీదే నిలబడి, ఎట్లుందని మా జేజిని అడిగి వెళ్లిపోయారు. మందు మాత్రం అందరికీ ఒకటే.

నీళ్లకే కష్టమైంది. ఆవరణలో బావి ఉంది గాని మేము చేద వేయకూడదు. నీళ్లు పోసే ఆమె లోపల అందరికీ పోశాక, తీరిక దొరికితే వచ్చి పైనుంచి మా ముంతలోకి వంచేది. అమ్మ పెదాలు పగిలిపోయాయి. కిటికీలోంచి చూస్తే శెట్టెమ్మకు ఎవరో ఓపికగా గంజి తాగిస్తున్నారు. జేజి ఎన్నిసార్లు అడిగినా ఉండమన్నారు. చివరికి అమ్మ తలను నా ఒడిలో పెట్టి, కడవ తీసుకుని నీళ్లకని పట్నం బయటి వంకకు నడిచింది. తిరిగి వచ్చేలోపే అమ్మ పోయింది. తెచ్చిన నీళ్లతో జేజి అమ్మ ముఖం కడిగింది.

దేవుడు పిలుచుకున్నాడని అందరూ నాకు చెప్పారు. ఆ మాటతో మనసు కాస్త నెమ్మదించేది. నేనూ అదే చెప్పడం నేర్చుకున్నాను. కొన్నాళ్లకు శెట్టెమ్మ కోలుకుని అరుగు మీద కూర్చుని, ఆ దారిన పోతున్న మమ్మల్ని పిలిచి అమ్మ సంగతి అడిగింది. నేను చెప్పబోతుంటే జేజి భుజం మీద చెయ్యేసి ఆపింది.

“దేవుడు పిలిస్తే పోలేదమ్మా. నీళ్లు లేక పోయినాది. మీకొచ్చిన జొరమే దానికీ వచ్చినాది. మీరు బతికినారు, శానా సంతోషం. అదీ బతికుండేదే.”

ఆ గొంతులో కోపం లేదు. 

“మావాళ్లంతా ఆడనే ఉండిరి,” అంది శెట్టెమ్మ. “ఒక్కరికీ తోచలేదు.”

ఎవరడిగినా ఉన్నదున్నట్టే చెప్పమంది జేజి, ఇంటికి పోతూ. ఇప్పుడు నా మనవరాళ్లకూ అట్లే చెబుతున్నాను. రాత అనుకుంటే కొంత సుఖంగా ఉండేదేమో. అమ్మ బతికుండేదే అన్న బాధను జేజి నాకు చేతులారా అప్పగించింది. దాన్ని నేను ఇంతవరకు దించుకోలేదు.