గడప దగ్గర ఆగిన కొలతలు

ఆర్కిటెక్చర్ మూడో ఏడాదిలో పాత ఇళ్ల కొలతలు తీయడానికి కాకినాడ నుంచి ఒక్కదాన్నే నకిరేకల్ దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. ఒక రాతి ఇంటి ముసలావిడ నవ్వుతూ పిలిచింది. ఇల్లు కొలుచుకోమంటూనే, "మీదేం కులం బిడ్డా?" అని అడిగింది. దాచకుండా చెప్పాను.

"గట్లనా? అయితే అరుగు మీదనే కూసొని గీసుకో. లోపటికి రాకు."

ఒళ్లు మండిపోయింది. "రేపు నేను కట్టిన ఇంట్లో మీవాళ్లుంటే, మైలపడిందని ఆ ఇంటినీ కడుక్కుంటారా అవ్వా?" అన్నాను.

"కోపమెందుకు బిడ్డా? ఎండల వచ్చినవ్, జర మజ్జిగ తాగిపో" అంది, అంతే ప్రేమగా. ఆ ప్రేమకు నాకు ఇంకా మండింది. తాగకుండా వచ్చేశాను.

కాలేజీలో అరుగు మాత్రమే గీసి, లోపలంతా ఖాళీగా వదిలేసిన డ్రాయింగ్ పెట్టాను. "గదులేవమ్మా?" అన్నారు సార్.

"కులం అడిగి నన్ను గడప దాటనివ్వలేదు సార్" అన్నాను. క్లాసంతా వింటున్నా గొంతు తగ్గించలేదు.