పలకలు తిప్పే పుల్ల

ఇంటి ముందు సావిడి వైపున్న మా గది కిటికీకి ఈ రోజు, పుల్లతో తిప్పితే తెరుచుకునే చెక్క పలకల తలుపులు బిగించారు.

"పలకలు తిప్పే పుల్ల గది లోపలెట్టమంటారేటమ్మా, సావిడి యేపెట్టమంటారా?" అని వడ్రంగి నన్నడిగాడు.

"లోపలే" అన్నాను.

"సావిడి యేపే ఎట్టు," అన్నారు మా ఆయన. "నీకెందుకే శ్రమ? గాలి కావాలంటే నేను తిప్పుతాను గదేటి!"

వడ్రంగి నా వంక చూసి, తల దించుకుని అలాగే బిగించాడు. గదిలో ఉండేది నేను, ఉక్కపోత తెలిసేది మాత్రం ఆయనకట!

మధ్యాహ్నం ఆయన మాడుగుల బస్సెక్కుతానని చెప్పి వెళ్లారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇప్పుడు ఇది రాస్తుంటే పలకలన్నీ చప్పుడు లేకుండా వేలెడు తెరుచుకున్నాయి.

ఆయన సావిడిలో ఎప్పటినుంచి ఉన్నారో!

మీ ఇంట్లో ఆ పుల్ల ఏ వైపుందో ఒకసారి చూసుకోండి.