ఈలపిట్ట లేదన్నారు

మా పెద్దమ్మను అటవీ ఆఫీసులో అందరూ చెవులమ్మ అంటారు. ముప్పై ఏళ్లుగా అడవిలో వాచర్ పని. ఎడమ కంటికి చేసిన ఆపరేషన్ కలిసి రాలేదు, కుడి కంటికి పొర కమ్మింది. ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా ఆవిడకు పొగలో ఉన్నట్టే కనిపిస్తాడు. అయితేనేం, ఆకు కదిలితే చాలు, అది బల్లో పిట్టో చెప్పేస్తుంది. అదే ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఇందులో రవ్వంత కూడా పెంచి రాయడం లేదు.

ఏటా ఒకసారి అడవిలో పక్షుల్ని లెక్కపెడతారు. ఈసారి కొత్తగా వచ్చిన రేంజరు, కంటితో చూసిన పక్షినే కాగితం మీద రాయాలని రూలు పెట్టాడు. చూపు సరిగా లేనివాళ్లు ఆఫీసులో కూర్చుని కాగితాలు సర్దాలన్నాడు. అలాంటివాళ్లు ఎంతమంది? ఒక్కతే. పేరు చెప్పకుండా మెడపట్టి గెంటడమంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ మాత్రం చెప్పినట్టే కాగితాలు సర్దింది, అన్నీ తలకిందులుగా. కావాలనే చేసిందని నా అనుమానం.

సాయంత్రం లెక్క వచ్చింది. ఈలపిట్ట ఎదురుగా సున్నా. ఈ అడవిలో అడుగడుగునా ఉండే పక్షి అది. పిచ్చుకంత ఒళ్లు, మట్టిరంగు వీపు, తెల్లటి గొంతు, రొమ్ము మీద చారలు. పొద్దున్నే మూడు ముక్కల ఈల వేస్తుంది, రెండోది దిగుతుంది, మూడోది లేస్తుంది. అలాంటిది కనుమరుగైందని పైఆఫీసుకు రాయమన్నాడు రేంజరు. ఆ కాగితం వెళితే ముప్పై ఏళ్లు పెద్దమ్మ విన్నదంతా ఉత్తదే అయిపోతుంది. ఒక్కరోజు ఆగి, మళ్లీ వెతికి చూడమని బతిమాలి ఆపాను.

మర్నాడు ఎవరూ పిలవకుండానే ఆవిడ కర్ర పట్టుకుని అందరికంటే ముందు బయలుదేరింది. రేంజరు వద్దనబోతే, అడవికి గేటుంది గానీ తన చెవులకు లేదంది. నేనూ వెంట వెళ్లాను.

లోపల అందరూ బైనాక్యులర్లు ఎత్తి కొమ్మల్లో వెతకసాగారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమే అది. ఈలపిట్ట ఎండుటాకుల మీద నడుస్తూ పురుగులు ఏరుకునే రకం. బూట్ల చప్పుడైతే పొద కిందికి దూరి నోరు మూసుకుంటుంది. పెద్దమ్మ అందరినీ కూర్చోబెట్టింది. రేంజరును బోర్లా పడుకోమంది. ఎవరూ నవ్వడం లేదని చుట్టూ చూసుకుని మరీ పడుకున్నాడాయన.

చాలాసేపటికి ఈల వినిపించింది. ఆవిడ కర్ర చాపి, పొద మొదట్లో మడమెత్తున చూడమంది. ఆకులు కదిలి తెల్లగొంతు పిట్ట బయటికొచ్చింది. వెనకే ఇంకొకటి. కాసేపటికి పక్క పొదలోంచి మూడోది. రేంజరు పడుకునే మూడు అని రాసుకున్నాడు.

"నాలుగు," అంది పెద్దమ్మ. "వాగు పక్కన ఇంకోటుంది. దాని ఈల చివర్లో కాస్త విరుగుతుంది."

కనబడనిది రాయడం కుదరదన్నాడు ఆయన, లేచి బట్టలు దులుపుకుంటూ.

పెద్దమ్మ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"నాకు మీరూ కనబడటం లేదు సార్. లేరని రాయించమంటారా?"

వాగు పక్కన ఈల మళ్లీ లేచి, చివర్లో విరిగింది. రేంజరు మూడు కొట్టేసి నాలుగు వేశాడు. కాగితం నా చేతికి వచ్చాక, 'చూసినవారు' అన్నదాని పక్కనే గీత గీసి 'విన్నవారు' అని చేర్చాను. రూలు ఎవరు మార్చారని పైవాళ్లు అడిగితే నా పేరే చెప్పమని రేంజరుతో అన్నాను. పెద్దమ్మ అప్పటికే తరవాతి పొద వైపు నడుస్తోంది.